శేషాచలంలో గాలింపు అనగానే గ్రూపుల్లో తిరిగే ఊహల్లో ఏది నిలబడుతుంది?

భాకరాపేట_గట్టు

ఎవడో పరారీలో ఉన్నాడు, కొండెక్కినాడు, గాలింపు జరుగుతా ఉంది అనే మాట వచ్చిందంటే మన పక్క గ్రూపులకు ఆ రాత్రికి నిద్ర ఉండదు. తలకోన పైన పొగ చూసినామని ఒకరు. సెల్ టవర్ బాలపల్లి పక్క చూపించిందంట అని ఇంకొకరు. డ్రోన్ ఎగరేస్తే అరగంట పని అనేవాళ్ళు కొందరు. వాడు ఈపాటికి చెన్నై బస్సు ఎక్కేసుంటాడు అనే మాట మాత్రం ప్రతిసారీ ఉండేదే.

నేను అడిగేది ఏ ఒక్క కేసు గురించో కాదు. ఈ మాటల్లో దేన్ని నమ్మొచ్చు? నిజంగా ఒక మనిషి ఈ కోనల్లో ఎన్నాళ్ళు దాక్కోగలడు? అడవి అంచున తోపు, మోటారు రూము ఉండేవాళ్ళు ఏం గమనించాల, ఎవరికి ఎట్ల చెప్పాల? తెలిసినోళ్ళు వివరంగా రాయండి. "పోలీసులు చూసుకుంటారులే" అనే జవాబు మాత్రం వద్దు సామీ.

కోనల_కాపు

ముందు నడక లెక్క చూడండి, సగం పుకార్లు అక్కడే రాలిపోతాయి. బాట లేని గట్టు మీద, బండలూ ముళ్ళపొదలూ దాటుకుంటా పోయే మనిషి గంటకు ఒక కిలోమీటరు, మహా అయితే ఒకటిన్నర పోతాడు. రాత్రిపూట లైటు వెయ్యకుండా అయితే అందులో సగం. కాబట్టి "పొద్దున మామండూరులో, సాయంత్రం తలకోనలో" అనే మాట కొండ మీద నడిచి అయ్యేది కాదు. రోడ్డెక్కి బండి మీద పోయుంటే అది వేరే సంగతి, అప్పుడు అడవిలో వెతకాల్సిన పనే లేదు.

ఇప్పుడు వెతికేవాళ్ళ పక్క లెక్క. చివరిగా కనిపించిన చోటు నుంచి 5 కిలోమీటర్ల దూరంలో చుట్టూ గీత గీస్తే లోపలి జాగా దాదాపు 78 చదరపు కిలోమీటర్లు. గీత 10 కిలోమీటర్లకు జరిగితే 314. దూరం రెండింతలైతే వెతకాల్సిన జాగా నాలుగింతలు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం మొత్తం 353 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు అంత అడవి. నూరు మందిని పది మీటర్లకు ఒకరుగా నిలబెడితే ఒక కిలోమీటరు వెడల్పు వస్తుంది. వరుస చెదరకుండా ఈ నేల మీద గంటకు అర కిలోమీటరు నడిస్తే గొప్ప. రోజుకు 8 గంటలు నడిచినా ఆ 314 పూర్తయ్యేసరికి రెండున్నర నెలలు పడుతుంది, ఈలోగా వాడు నిన్న వెతికేసిన చోటికి వచ్చి పడుకోనుంటాడు. అందుకే అడవంతా జల్లెడ పట్టడమనేది పేపరు హెడ్డింగులో ఉండే మాట. నిజంగా చేసేది నీళ్ళ దగ్గరా, కనుమ దారుల దగ్గరా, రోడ్డు దగ్గరా కాపు కాయడం.

కనుమల సంగతి తెలియనోళ్ళే ఎక్కువ తప్పు ఊహిస్తారు. మన కొండలు కింద నుంచి చూస్తే శిఖరం మాదిరి కనిపిస్తాయి గానీ పైకెక్కితే చాలాచోట్ల చదును. అంచుల్లో మాత్రం క్వార్ట్‌జైట్ బండ గోడ కట్టినట్టు నిలువుగా దిగిపోతుంది. ఆ గోడలో మనిషి దిగడానికి వీలుండే చీలికలు కొన్నే. మేకలోళ్ళకు, అడవి కాపలా కాసే వాచర్లకు, ఎర్రచందనం దుంగలు మోసే కూలీలకు అవన్నీ తెలుసు. కొత్తవాడికి తెలియదు, వాడు గోడ అంచు పట్టుకొని అటూ ఇటూ తిరిగి, చివరికి నీళ్ళు పారే కోనలోకి దిగుతాడు. దిగినాక పక్కలకు ఎక్కలేడు, కోన ఎటు పోతే అటే.

నీళ్ళు. ఏప్రిల్, మే ఎండల్లో కొండ మీద నడిచే మనిషికి రోజుకు 5, 6 లీటర్లు కావాల. రెండు లీటర్ల సీసా ఉన్నోడు రోజుకు రెండు మూడు సార్లు నీళ్ళ దగ్గరికి రాక తప్పదు. ఆ కాలంలో మిగిలేవి లోతు గుండాలు, ఇసుకలో తవ్వుకునే చెలమలు, అడవి జంతువుల కోసం అటవీ శాఖ నింపే సాసర్ పిట్లు, అంటే పళ్ళెం మాదిరి లోతులేని తొట్లు. చిరుతా ఎలుగూ అక్కడికే వస్తాయి, ట్రాప్ కెమెరాలు కట్టేదీ అక్కడే. అదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలకు ప్రతి కోనా పారుతుంది, నీళ్ళ కొరత లేదు. కానీ వాగు పొంగితే వాడు ఒక గట్టు మీదే ఇరుక్కుపోతాడు, కట్టె రాజుకోదు, తడిబట్టతో రెండు రాత్రులు గడిపితే మూడోరోజు పైకప్పు ఉండే చోటు వెతుక్కుంటాడు. ఎండాకాలం ఊహను వానాకాలంలో, వానాకాలం ఊహను ఎండాకాలంలో ఫార్వర్డ్ చేసేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

తిండి గురించి ఇంకా అన్యాయంగా రాస్తారు, "అడవిలో పండ్లు తిని బతుకుతాడు" అని. తునికి, పాల, మొర్రి, ఈత, నేరేడు ఉన్నమాట నిజమే. అన్నీ ఒకేసారి ఉండవు, ఉన్నప్పుడు ఎలుగుబంట్లు కూడా అక్కడే ఉంటాయి, కడుపునిండా తిన్నా కొండ ఎక్కే బలం రాదు. బయట నుంచి బియ్యం అందించే మనిషి లేకపోతే మూడు నాలుగు రోజులకు కిందికి దిగాల్సిందే. నా మాట ఇది: చూపు లోపలి కోన మీద పెట్టొద్దు, అంచు మీద పెట్టండి. తోపు, మోటారు రూము, కోళ్ళ షెడ్డు, ఖాళీగా పడున్న పాక, రైలు కట్ట.

పొగ సంగతి ఒక్క మాట. ఫిబ్రవరి నుంచి మే దాకా కార్చిచ్చు పొగ ఎక్కడో ఒకచోట ఉంటానే ఉంటుంది. తెల్లవారుజామున చల్లగాలి కిందికి జారుతుంది, పొగ కోన అడుగున పడుకుంటుంది. మనకు కనిపించే చోటుకూ మంట ఉండే చోటుకూ కిలోమీటరు తేడా ఉండొచ్చు. పైగా ఎండుకట్టె మీద అన్నం వండుకునేవాడి పొగ ఊళ్ళోకి కనిపించేంత ఉండదు.

చంద్రగిరి_పిట్ట

లెక్కలు బాగున్నాయి గానీ అన్నా, ఇది పాతకాలం పద్ధతి కదా. థర్మల్ కెమెరా డ్రోన్ ఉంటే మనిషి ఒంటి వేడి తెల్లగా కనిపిస్తుంది. అంతమంది ఎందుకు?

టవర్‌మెట్టు

థర్మల్ కెమెరా చూసేది వేడిలో తేడాను, మనిషిని కాదు. మధ్యాహ్నం మన బండలు ఒంటికంటే ఎక్కువ వేడెక్కుతాయి. పొద్దుగూకినాక కూడా రాయి చాలాసేపు ఆ వేడి వదలదు, తెరమీద కొండంతా తెల్ల మచ్చలే. పనికొచ్చే సమయం తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా. అప్పుడు కూడా ఆకు కింద ఉన్నోణ్ణి, బండ చరియ కింద దూరినోణ్ణి అది చూడలేదు. ఆకు రాలే ఫిబ్రవరి, మార్చిలో కొంత నయం, వానలు పడి ఆకు కమ్మినాక కష్టం. ఒక్కో బ్యాటరీ 25, 30 నిమిషాలు, కోనలోకి దిగితే రిమోట్‌కు సిగ్నల్ తెగుతుంది. డ్రోన్ మంచి పనిముట్టే, ఎక్కడ చూడాలో ముందే తెలిసినప్పుడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు వీడియో తీసే కుర్రోళ్ళు సొంతంగా ఎగరేస్తే మాత్రం గాలింపు డ్రోన్‌కు అడ్డం, పైగా కేసు.

టవర్ గురించి. స్విచాఫ్ చేసిన ఫోను టవర్‌కు సంకేతం పంపదు, కడపటిసారి ఆన్‌లో ఉన్న చోటు మాత్రమే రికార్డులో ఉంటుంది. ఆ చోటు కూడా చుక్క కాదు, ముక్క. ఒక టవర్‌కు మామూలుగా మూడు సెక్టార్లు, ఒక్కోటి 120 డిగ్రీల ముక్క. దూరం అంచనా పాత 2జీలో దాదాపు 550 మీటర్ల మెట్లలో వస్తుంది, 4జీలో 78 మీటర్ల మెట్లలో. చదునులో ఇది బాగా పనిచేస్తుంది. కొండల్లో ఏమవుతుందంటే, గట్టు ఇవతల దగ్గర్లో ఉన్న టవర్‌ను బండ అడ్డుకుంటుంది, పైకెక్కిన ఫోను అవతలి పక్క ఎంతో దూరాన ఉన్న టవర్‌ను పట్టుకుంటుంది. భాకరాపేట పక్క ఎక్కినోడి ఫోను రైల్వేకోడూరు పక్క టవర్‌లో కనిపించడం వింతేమీ కాదు. "టవర్ అక్కడ చూపించింది" అంటే "వాడు అక్కడున్నాడు" అని కాదు. అసలు ఆ సమాచారం ఆపరేటర్ నుంచి దర్యాప్తు అధికారికి పోయేది. గ్రూపులో తిరిగేది ఎవరో ఊహించి రాసిందే అయ్యుంటుంది.

ఫొటోలకు ఇంకో చిట్కా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తీసిన చోటు, సమయం లాంటి వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపితేనే నిలుస్తాయి. కాబట్టి "ఇప్పుడే తీసింది" అని ఫొటో వస్తే మొదట తీసినవాడిని డాక్యుమెంటుగా పంపమనండి. పంపలేకపోతే చెట్లు చూడండి. మార్చిలో శేషాచలం అంటూ పచ్చగా నిగనిగలాడే అడవి చూపిస్తే అది వేరే కాలందో, వేరే రాష్ట్రందో.

పాతపేపరు

అంచు మీద చూపు పెట్టమన్న మాటకు బయటి కేసులు సాక్ష్యం. అమెరికాలో ఎరిక్ రుడాల్ఫ్, 1996 అట్లాంటా ఒలింపిక్స్ బాంబు కేసు. 1998లో నార్త్ కరోలినా కొండల్లోకి పోయాడు, పది లక్షల డాలర్ల బహుమతి పెట్టారు. చచ్చిపోయాడని కొందరు, దేశం దాటాడని కొందరు ఐదేళ్ళు ఊహిస్తానే ఉన్నారు. 2003 మే 31 తెల్లవారుజామున మర్ఫీ అనే చిన్న ఊళ్ళో సరుకుల అంగడి వెనక చెత్తడబ్బా దగ్గర, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక పోలీసు చేతికి చిక్కాడు. 2014లో పెన్సిల్వేనియాలో పోలీసును కాల్చి చంపిన ఎరిక్ ఫ్రైన్ కోసం 48 రోజులు అడవి గాలించారు, దొరికింది పాడుబడ్డ విమానాల షెడ్డు దగ్గర. 2013లో హత్యలు చేసి పారిపోయిన మాజీ పోలీసు క్రిస్టఫర్ డోర్నర్ కోసం కాలిఫోర్నియాలో మంచుకొండలు వెతుకుతుంటే వాడు గాలింపు కేంద్రానికి కనుచూపు దూరంలో ఉన్న ఇంట్లోనే ఉన్నాడు. అదే వేటలో పోలీసులు బండి పోల్చుకోలేక పేపర్లు వేసే ఇద్దరు ఆడవాళ్ళ మీద కాల్పులు జరిపారు. తర్ఫీదు ఉన్నోళ్ళకే అంత పొరపాటైతే కర్రలు పట్టుకున్న గుంపు సంగతి చెప్పేదేముంది.

2019లో కెనడాలో గిల్లమ్ దగ్గర హత్య కేసుల్లో ఇద్దరు కుర్రోళ్ళ కోసం వెతికేటప్పుడు యార్క్ ల్యాండింగ్ అనే ఊళ్ళో కనిపించారని కబురొచ్చింది, బలగాలు అటు పరుగెత్తాయి, ఏమీ తేలలేదు. చివరికి వాళ్ళ శవాలు కాలిపోయిన కారు దొరికిన చోటుకు 8 కిలోమీటర్ల దూరంలో, నెల్సన్ నది దగ్గర ఉన్నాయి.

మనకు దగ్గరి ఉదాహరణ వీరప్పన్. ఏళ్ళ తరబడి సత్యమంగళం, మలెమహదేశ్వర కొండల్లో చిక్కలేదు. 2004 అక్టోబరు 18న కంటి వైద్యం కోసమని అంబులెన్సులో బయటికొచ్చి ధర్మపురి దగ్గర పాపారపట్టి పక్కన రోడ్డు మీద చచ్చాడు. కాకపోతే అతనికి ఊళ్ళల్లో మనుషులున్నారు, బియ్యం అందేది. ఒంటరిగా పరిగెత్తినోణ్ణి అతనితో పోల్చి "ఇరవై ఏళ్ళు దొరకడు" అనేది తప్పు.

కోనల_కాపు

వీరప్పన్ పోలిక బాగా చెప్పినారు. ఇంకొక పోలిక తప్పు కూడా ఉంది. మన అడవిలో కొత్త మొహం కనిపించినంత మాత్రాన వాడే వీడు కాదు. ఎర్రచందనం కూలీలు, మేకలోళ్ళు, తేనె తీసేవాళ్ళు, ఫైర్ వాచర్లు అందరూ తిరిగే చోటు. తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం ముక్కోటి రోజుల్లో అయితే వేలమంది నడుస్తారు. కొండపైన బియ్యం సంచి, కాలిన పొయ్యిరాళ్ళు, బీడీ ముక్కలు దొరికితే ఎక్కువసార్లు అది దుంగల కూలీల మకామే.

అడుగుజాడ గురించి అడగలేదు గానీ రాస్తా, ఎందుకంటే గుంపు చెడగొట్టేది మొదట దాన్నే. జాడ చూసేవాళ్ళు పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుతురులో, సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తారు, నీడ పడితే గుంత తెలుస్తుంది. మడమ వెడల్పు, పాదం పొడవు, ఒక మడమ నుంచి ఇంకో మడమకు దూరం, మూడూ కర్ర మీద గుర్తు పెట్టుకుంటారు. బండ మీద జాడ తెగిపోతే అక్కడే వెతకరు, ముందున్న మెత్తటి నేలకు, వాగు ఇసుకకు పోయి అడ్డంగా చూస్తారు. జాడ మీద పురుగు నడిచిన గీత ఉన్నా, మంచు పడి అంచు మెత్తబడినా రాత్రి దాటిందని లెక్క. ఇంత సున్నితమైన దాని మీద యాభైమంది చెప్పులేసుకొని నడిస్తే ఏం మిగులుతుంది?

జాగిలానికీ అంతే. వాసన పగలు వేడిగాలితో పైకి పోతుంది, రాత్రి కోనలోకి జారుతుంది. తేమ ఉంటే నిలుస్తుంది, ఎండిన బండ మీద త్వరగా పోతుంది. ఎండలో కుక్క నోరు తెరిచి రొప్పడం మొదలుపెడితే ముక్కు పని తగ్గుతుంది. దాన్ని పొద్దున్నే దించాల, మాటిమాటికీ నీళ్ళు పట్టాల. "కుక్క కూడా పట్టలేదంట, ఎంత తెలివైనోడో" అని రాసే ముందు ఏ టైముకు దించారో చూడండి.

కోర్టువీధి

చట్టం పక్క నాలుగు మాటలు. నేరం చేసినోడని తెలిసీ, శిక్ష తప్పించాలని వాడికి తిండి, నీడ, డబ్బు, బండి ఇస్తే భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్. వాడి మీదున్న నేరానికి మరణశిక్ష పడే వీలుంటే ఇచ్చినోడికి ఐదేళ్ళ దాకా, యావజ్జీవమో పదేళ్ళో పడేదైతే మూడేళ్ళ దాకా. మినహాయింపు భార్యకో భర్తకో మాత్రమే, అమ్మకూ అన్నకూ లేదు. చాలామందికి ఇది తెలియదు. భయపెట్టి అన్నం పెట్టించుకుంటే అది వేరు, కానీ వాడు పోయిన వెంటనే చెప్పాల.

పట్టుకోవచ్చా అంటే, నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మన కళ్ళముందే బెయిలు హక్కుగా రాని, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చెయ్యగల) నేరం చేసినోణ్ణి, లేదా కోర్టు ప్రకటించిన పరారీ నేరస్థుణ్ణి మామూలు మనిషి పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాల. "అనుమానం వచ్చింది" అని దారిన పోయే పిచ్చోణ్ణో, తమిళం మాట్లాడే కూలీనో కట్టేస్తే అది ఈ సెక్షన్ కిందికి రాదు, కట్టేసినోడి మీదే కేసు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతారనే పుకారుతో దేశంలో ఎన్నిచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారో గుర్తుందిగా. వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు తగ్గించింది ఆ జులైలోనే. జనంలో భయం పుట్టించే పుకారు రాస్తే న్యాయ సంహిత 353వ సెక్షన్.

బలగాలు ఏ దారిన ఎక్కుతున్నాయి, రాత్రి ఎక్కడ కాపు కాస్తున్నాయి అనేది అస్సలు పెట్టొద్దు. 2008 ముంబై దాడిలో లోపలున్నోళ్ళకు బయటి నుంచి సూచనలిచ్చినవాళ్ళు చూసింది మన టీవీలే.

భాకరాపేట_గట్టు

ఒక్కో జవాబు ఒక పాఠం మాదిరి ఉంది, అందరికీ దండాలు. ఇంక అసలు సంగతి మిగిలింది: తోపు ఉన్నోడు ఏం చూడాల? 112కు చేస్తే ఏం చెప్పాల? "ఎవడో తిరుగుతున్నాడు" అంటే వాళ్ళు వినరు కదా.

కోనల_కాపు

మోటారు రూము చూడండి. గొళ్ళెం వంగిందా, లోపల గోతాం పరిచిన గుర్తు ఉందా, స్టార్టర్ పెట్టె దగ్గర ఫోను ఛార్జింగ్‌కు తీగ తగిలించినారా. వ్యవసాయ కరెంటు పగలు 9 గంటలే కాబట్టి రాత్రి వచ్చినోడు బోరు వెయ్యలేడు, తొట్టి నీళ్ళే ముంచుకుంటాడు. సాయంత్రం తొట్టి నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీసి పెట్టండి, పొద్దున జానెడు తగ్గి, చుట్టూ పశువుల గిట్టల జాడ లేకపోతే ఆలోచించాల. ఆరేసిన లుంగీ, దుప్పటి, పాత చెప్పులు పోవడం డబ్బు పోవడం కంటే పెద్ద గుర్తు.

అనుమానం వస్తే లోపలికి పోవద్దు, తలుపు తొయ్యొద్దు, ఆ చోట తొక్కొద్దు. రాత్రి టార్చి పట్టుకొని చేని గట్లెంబడి తిరగడం అస్సలు వద్దు. పరారీవాడి సంగతి అట్లుంచి, అడవి పందులకు పెట్టిన కరెంటు తీగలూ నాటు బాంబులూ ఉంటాయి. గుంపుగా అడవిలోకి ఎక్కితే రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా దూరినందుకు అటవీ శాఖ కేసు అదనం.

112కు చేసినప్పుడు ఈ వరుసలో చెప్పండి: ఊరు, మండలం, దగ్గరి గుర్తు (ఫలానా చెరువు కట్టకు ఉత్తరాన రెండో తోపు అన్నట్టు), చూసిన టైము, ఎంతసేపటి కిందట, ఎటు పోయాడు, ఒంటి మీద బట్టలు, చేతిలో ఏముంది, మీకూ అతనికీ ఎంత దూరం. "వాడే" అనొద్దు, చూసింది మాత్రం చెప్పండి. మ్యాపులో ఆ చోట వేలు నొక్కి పట్టుకుంటే అంకెలు వస్తాయి, అవి చదివితే ఇంకా మంచిది. గ్రూపులో పెట్టేది ఆ తర్వాత కూడా కాదు.

చంద్రగిరి_పిట్ట

తోపులో కాయలు పోతే? కోతులు తిన్నాయో మనిషి తిన్నాడో ఎట్ల తెలుస్తుంది?

కోనల_కాపు

కోతి రెండు గాట్లు కొరికి, పుల్లగా ఉంటే పారేసి ఇంకోటి తెంపుతుంది. చెట్టు కిందంతా సగం కొరికిన కాయలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఆకలిగొన్న మనిషి తోతాపురి కాయను టెంక దాకా తింటాడు, టెంకలన్నీ ఒకేచోట, వాడు కూచున్న చెట్టు మొదట్లో పడుంటాయి. తొక్క కత్తితో తీసుంటే పట్టీలుగా దొరుకుతుంది. ఇంకొకటి, కోతి తొడిమ దగ్గర పీకుతుంది, కొమ్మ విరుగుతుంది. మనిషి అందే ఎత్తులోవే కోస్తాడు, ఆ ఎత్తు దాకా చెట్టు ఒక పక్కే ఖాళీగా కనిపిస్తుంది.